దొరసాని కుక్కపిల్లకు మా ఇంటి కత్తెర

మా నాయన దోర్నాల బంగళాకు రోజూ మేకపాలు పోసేవాడు. దొరలింకా ఉన్న రోజులవి. బంగళా దొరకు బదిలీ అయినప్పుడు దొరసాని తన కుక్క ఈనిన పిల్లల్లో అన్నిటికంటే చిన్నదాన్ని నాయనకిచ్చింది. ఖాళీ పాలకుండలో పెట్టుకొని తెచ్చాడు. తెల్లటి బొచ్చు, అందులో ఎక్కడో రెండు కళ్లు.

“ఏంది నాయనా ఇది? కుక్కా, దూదా?” అన్నాను.

“కుక్కేనంట. మూరెడు కూడా ఎదగదంట. రోజూ దువ్వాలంట,” అంటూ రొంటిలోంచి దువ్వెన తీశాడు.

అమ్మ నవ్వలేక కూలబడింది. “నీ కూతురికే నేను వారానికోసారి దువ్వుతా. దీనికి రోజూనా! ఓయమ్మో, ఏం సింగారం!”

దువ్వే పని నాకు అప్పజెప్పారు. మొదట్లో ముద్దుగా దువ్వాను. కుక్కపిల్ల మా గొర్రెపిల్లల గంపలోనే పడుకునేది, మేకపాలు తాగేది, నా లంగా అంచు పట్టుకొని ఇల్లంతా తిరిగేది. తర్వాత నాకు విసుగొచ్చింది. ఆటలు మానుకొని దీని జుట్టు ముందు కూర్చోవడమేంది? రేపు దువ్వుదాంలే అనుకుంటూ పోయాను. ఎండలు ముదిరేసరికి బొచ్చు జడలు కట్టి, నిండా పల్లేరుకాయలు పట్టాయి. దువ్వెన పెడితే కుయ్యోమనేది. అది ఏడిస్తే నాకు ఇంకా ఒళ్లు మండేది.

గొర్రెలకు బొచ్చు కత్తిరించే రోజు వచ్చింది. నాయన చేతిలో కత్తెర ఆడితే గొర్రె ఒంటిమీద గీత కూడా పడేది కాదు. కుక్కపిల్ల నాలుక వేలాడేసుకొని పక్కన రొప్పుతోంది.

“నాయనా, దీనికి కూడా కత్తిరించరాదా? ఉడికిపోతాంది పాపం.”

“దువ్వమనింది గానీ, కత్తిరించమన్లేదే ఆయమ్మ.”

“ఆయమ్మకేం తెలుసు మన ఎండలు!”

నాయనకు ఆ మాట సబబుగానే తోచింది. నేను దాని కాళ్లు కదలకుండా పట్టుకున్నాను. గొర్రె గింజుకున్నట్టు ఇది గింజుకోలేదు, నా మొహంలోకే చూస్తూ పడుకుంది. లోపల చంటిపిల్లకున్నట్టు ఎర్రటి పలచటి చర్మం. కత్తిరింపు కాగానే గొర్రెలను ఎట్ల వదిలామో దీన్ని కూడా అట్లాగే ఎండలోకి వదిలాం. అవి మేతకు పోయాయి. ఇది వాటి వెనకాలే గంతులేస్తూ పోయింది.

సాయంత్రానికి ఎండకు దాని ఒళ్లంతా కమిలి, వీపున బొబ్బలు లేచాయి. పాలు ముట్టలేదు. అమ్మ వెన్న రాస్తూ మండిపడింది. “ఎవరికి పుట్టిందయ్యా ఈ పాడుబుద్ధి?”

నాయన నా వైపు చూడనైనా చూడలేదు. “నాకే,” అన్నాడు.

నేను అంతటితో నోరు మూసుకున్నా బాగుండేది. “అవునమ్మా, నాయనే చేసినాడు,” అన్నాను. ఆ మాట నోట్లోంచి ఎట్ల వచ్చిందో!

నాయన ఎవరినీ తొక్కనివ్వని తన గొంగడి తెచ్చి కుక్కపిల్లకు కప్పబోయాడు. ఆ గరుకు తగలగానే అది కెవ్వుమంది. నాయన గొంగడి లాగేసి, చేతులు ముడుచుకొని గోడకు కూలబడ్డాడు. అది లేచి తూలుకుంటూ మూలనున్న గంపలోకి పాకింది. పొద్దున కత్తిరించిన దాని బొచ్చంతా అందులోనే వేశాం. అందులో ముడుచుకొని కళ్లు మూసుకుంది.

“మొక్కుకోమ్మా, అది బతకాల,” అన్నాడు నాయన నాతో. ఆ గొంతు వింటుంటే నాకు చచ్చిపోవాలనిపించింది. నేనే చెప్పినానని నాయన ఒక్క తిట్టు తిట్టినా నా ప్రాణం తెరిపిన పడేది. తిట్టలేదు.

బతికింది. పొట్టు రాలి, బొచ్చు కుచ్చులు కుచ్చులుగా మళ్లీ మొలిచింది. ఎవరూ చెప్పకుండానే రోజూ దువ్వాను. దువ్వినంతసేపూ నా చెయ్యి నాకేది. నాకితే నాకు ఏడుపొచ్చేది.

మళ్లీ గొర్రెల కత్తిరింపు వచ్చింది. దాన్ని ఇంట్లో పెట్టి తలుపు దగ్గరకేశాను. కత్తెర చప్పుడు వినబడిందేమో, సందులోంచి దూరి పరుగెత్తుకొచ్చింది. గొర్రెల కాళ్ల మధ్యగా వచ్చి, నాయన ముందు వెల్లకిలా పడుకొని నాలుగు కాళ్లూ పైకెత్తింది.

నాయన కత్తెర కింద పెట్టేశాడు. అది మాత్రం నాయన వైపు చూడటంలేదు. కాళ్లు పట్టుకోవడానికి నేనెప్పుడొస్తానా అని నావైపే చూస్తూ తోకాడిస్తోంది.