రహీమ్‌కు ముందే చెప్పిన పొజిషన్

ఫిబ్రవరి, రెండో శనివారం, ఉదయం ఆరున్నర. తాడేపల్లిగూడెం, కాలేజీ మైదానం. హాజరు: మా క్లబ్బు అసిస్టెంట్ కోచ్ జోసెఫ్, ఫిజియోథెరపిస్టు శాంతకుమారి గారు, నేను, సెలెక్షనుకు పిలిచిన ఆటగాళ్ళు పద్దెనిమిది మంది.

ఆనాటి డైరీలో ఇంతే ఉంది. మిగతాది మర్నాడు రాశాను.

నేనప్పుడు ఒక ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ క్లబ్బుకు ఈ ప్రాంతపు స్కౌట్‌ని. స్కౌట్ ఆటగాళ్ళని చూసి రిపోర్టు రాస్తాడు; తీసుకునేదీ మానేదీ హెడ్ కోచ్. బాగా ఆడేవాణ్ణి వెతకడం ఈ పనిలో సగమే. కోచ్ ఆడించే పద్ధతిలో ఎక్కడ ఖాళీ ఉందో అక్కడ ఇమిడేవాడు కావాలి. ఆ ఏడు మా కోచ్ వెనక ముగ్గురినే నిలిపి, రెండు అంచుల్లో చెరొకణ్ణి పెట్టేవాడు. వీళ్ళని వింగ్ బ్యాక్‌లంటారు. దాడిలో అవతలి గోలుదాకా వెళ్ళాలి, బంతి పోతే అంతే వేగంగా వెనక్కి రావాలి. మాకు ఎడమ అంచు ఖాళీ.

రహీమ్‌ది ఏలూరులో తివాచీలు నేసే కుటుంబం. అతను ఆకివీడులో చేపల ప్యాకింగ్ షెడ్డులో పనిచేసేవాడు. మైదానం నడుమ నిలబడి, పెద్దగా పరుగెత్తకుండానే, బంతి ఎటు పంపాలో అందరికంటే ముందు కనిపెట్టేవాడు. అటువంటివాడికి మా పద్ధతిలో చోటు లేదు. ఇరవై మూడు నిండినవాళ్ళని మా క్లబ్బు కొత్తగా తీసుకోదు. అతనికి మార్చిలో నిండుతాయి. ఇదే ఆఖరి అవకాశం.

ఉన్నది ఉన్నట్టు రాసి ఊరుకోవలసింది. నేను డిసెంబరులో షెడ్డుకు వెళ్ళి, ఎడమ అంచున పరుగు అలవాటు చేసుకుంటే చోటు దొరకవచ్చని చెప్పాను.

"ఎంత పరిగెట్టాలండీ?" అన్నాడు.

ఆగకుండా, అన్నాను.

పని అయ్యాక రోజూ చెరువు గట్ల మీద పరుగెత్తాడు. లారీలు తొక్కి తొక్కి రాయిలా గట్టిపడ్డ కంకర అది. రెండుసార్లు నేనే వెళ్ళి వాచీ పట్టుకుని చూశాను. "ఏరా రహీమూ, పొగలు కక్కుతున్నావ్! చేపలతోపాటు ఐసు పెట్టెలో పడుకో," అని షెడ్డువాళ్ళు ఎగతాళి చేసేవారు. అతనూ నవ్వేవాడు. రెండోసారి వెళ్ళినప్పుడు ఎడమకాలు తడుముకోవడం గమనించాను. ఏమిటని అడగలేదు.

సెలెక్షను రోజున ఆటకు ముందు శాంతకుమారి గారు ఒక్కొక్కరి కాళ్ళు నొక్కి చూసి, ఒంటికాలి మీద గెంతించారు. రహీమ్ దగ్గర ఆగారు.

"ఇక్కడ నొప్పిగా ఉందా, బాబూ?"

"లేదండీ. మీ చేతులే చల్లగా ఉన్నాయండీ."

ఆవిడ నవ్వలేదు. నా వైపు తిరిగారు. "ఏవండీ, ఇతన్ని మీరు ముందునుంచీ చూస్తున్నారు కదా, కాలికేమైనా దెబ్బ ఉందా?"

నాకు తెలిసి లేదండీ, అన్నాను.

తొంభై నిమిషాలూ పరుగెత్తాడు. జోసెఫ్ మార్కుల కాగితంలో 'వెనక్కి పరుగు' అనే గడిలో అందరికంటే ఎక్కువ అతనికే వచ్చింది. బంతిని ముందుగా కనిపెట్టే చూపుకు ఆ కాగితంలో గడి లేదు. మధ్యాహ్నానికి ఎడమ అంచుకు మొదటి పేరు రహీమ్‌దే. నేను సంతకం చేశాను.

మర్నాడు ఉదయం ఏడింటికి అతని అన్న అన్వర్ ఫోన్ చేశాడు. రహీమ్ మంచం దిగబోయి పడిపోయాడట. నేను ఏలూరు ఆసుపత్రికి వెళ్ళేసరికి ఎక్స్‌రే వచ్చింది. మోకాలి కింది ఎముక కొన్ని వారాల కిందటే చిట్లిందని, దాని మీదే పరుగెత్తడంవల్ల ఇప్పుడు పూర్తిగా విరిగిందని డాక్టరు చెప్పాడు. రహీమ్ గోడవైపు తిరిగి పడుకున్నాడు. అన్వర్ గొంతు పెంచలేదు.

"మా వాడి ఆట చూడ్డానికొచ్చారా సార్, మీక్కావలసిన ఆట వాడిచేత ఆడించడానికొచ్చారా?"

నేను బయటికొచ్చి జోసెఫ్‌కు ఫోన్‌లో సంగతి చెప్పాను. పదింటికి జోసెఫ్ ఫోన్ చేసి, రెండో పేరు పంపిస్తున్నానన్నాడు. సరే అన్నాను.

ఆ తరవాత ఉద్యోగం చేసినన్నాళ్ళూ మా ఖాళీ ఎక్కడుందో ఏ ఆటగాడికీ ముందుగా చెప్పలేదు. ఫిజియో అడిగితే, చూసింది చూసినట్టు చెప్పాను.