రెండు ఇనుప చువ్వలు

ఆ ఆదివారం ఉదయం ఏడూ పదికి మా బావ ఛత్రినాకలో మా ఇంటి ముందు స్కూటర్ ఆపి రెండుసార్లు హారన్ కొట్టాడు. నేను చాయ్ సగంలో వదిలేసి బయటికి వచ్చాను. ఇది జరిగి పన్నెండేళ్ళు. ఆ రోజు సంగతులన్నీ అందరికీ చెప్పాను, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటి ఇన్నేళ్ళూ నాతోనే లేచింది, నాతోనే పడుకుంది. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

బావ అంటే మా అక్క భర్త. పురానాపూల్ దగ్గర ఆయనకు కార్లు బాగుచేసే షెడ్డు ఉండేది. ఇంజన్ చప్పుడు విని జబ్బు చెప్పేవాడు. నేను ఒక ప్రభుత్వ కార్యాలయంలో రికార్డులు చూసే గుమాస్తాను. కాగితం మీద పడ్డదే చివరికి నిజంగా మిగులుతుందని ఆ ఉద్యోగం నాకు నేర్పింది. ఆ పాఠం నాకు ఎలా పనికొచ్చిందో ముందు ముందు మీకే తెలుస్తుంది.

షెడ్డుకు వచ్చే ఒకాయన కార్ల ర్యాలీలు నడిపే క్లబ్బులో ఉండేవాడు. ఊరి బయట, క్వారీల మధ్య మట్టిదారిలో ర్యాలీ పెడుతున్నామని, జనాన్ని అదుపుచేసే మనుషులు కావాలని అన్నాడు. బావ నా పేరు చెప్పాడు. మా బస్తీ బోనాల ఊరేగింపులో ప్రతి ఏటా తాడు పట్టేది నేనే మరి.

ఆ తాడు గురించి కొంచెం చెప్పాలి. అమ్మవారి ఘటాన్ని మోసే ఏనుగు నడుస్తుంటే, జనం మీద పడకుండా మేం కొందరం రెండు పక్కలా తాడు పట్టుకుని నడుస్తాం. ముసలావిడ దండం పెట్టుకోవాలంటే తాడు రెండడుగులు లోపలికి జరుపుతాం. చంటిపిల్ల తల్లి వస్తే ఇంకో అడుగు. ఊరేగింపు నడక వేగంతో పోతుంది. అక్కడ తాడు జరపడం మర్యాద. జరపనివాడు మొరటువాడు. ఇరవై ఏళ్ళుగా ఆ తాడుకు అలవాటైన చేతులతోనే నేను ర్యాలీకి వెళ్ళాను.

నాకు ఒక మలుపు అప్పగించారు. ఒక విజిల్, ఒక ఎర్రజెండా ఇచ్చారు. క్లబ్బు మనిషి పది నిమిషాలు చెప్పాడు. మలుపు తిరిగేటప్పుడు కారు పట్టు తప్పితే బయటి వైపుకే దూసుకొస్తుంది. కాబట్టి ఆ వైపు రోడ్డుకు దూరంగా మట్టిదిబ్బ వెనక ఇనుప చువ్వలు పాతి తాడు కట్టాం. దాన్ని దాటి ఒక్క మనిషి ముందుకొచ్చినా ఎర్రజెండా ఎత్తండి, పోటీ ఆపేస్తారు. రెండు నిమిషాలకొక కారు వదులుతారు. ఇంతే. నాకు అంతా అర్థమైంది. అర్థం కాలేదని చెప్పుకునే అవకాశం నాకు లేదు.

దిబ్బ వెనకనుంచి ఏమీ కనబడకపోవడంతో జనమంతా రోడ్డుకు అవతల ఉన్న గుట్ట ఎక్కారు. బావకు మోకాలు నొప్పి. గుట్ట ఎక్కలేడు. బయటి వైపు మేమిద్దరమే మిగిలాం. తాడుకు ముందు, రోడ్డు వైపు, ఒక తుమ్మచెట్టు నీడలో చదునైన బండ ఉంది.

"ఏంది బామ్మర్ది, గీడికెల్లి దుమ్ము తప్ప ఏం కనబడ్తలేదు. గా బండ మీద కూసుంట."

"వద్దు బావా. మలుపుకు గీ దిక్కు ఎవరు ఉండొద్దన్నరు."

"ఎవరన్నరు, గా టోపీ పెట్టుకున్నోడా? ఏనుగు పక్కపొంటి నడిచినోన్ని, గీ డబ్బాలకు భయపడ్తనా?"

"ఏనుగుకు బ్రేకులు ఫేల్ కావు బావా."

"గందుకే కద, ఒక్క ఏనుగన్న నా షెడ్డుకు రాదు!" అని నవ్వాడు. తర్వాత కొంచెం చిన్నబుచ్చుకుని అన్నాడు. "బోనాలల్ల ఊరందరికి జరుపుతవ్. సొంత బావకు జరపవా?"

జరిపాను. ఒక కారు వెళ్ళి ఇంకోటి వచ్చే లోపల రెండు చువ్వలు పీకి బండకు ముందు పాతాను. గుట్ట మీది జనానికి తుమ్మచెట్టు అడ్డం. ఇప్పుడు బండ తాడు లోపలికి వచ్చింది. బావ తాడు దాటలేదు. ఇది గుర్తుపెట్టుకోండి. ఆయన ఒక్క అడుగు కూడా దాటలేదు. తాడే ఆయన దగ్గరికి వెళ్ళింది.

తర్వాత ఆరు కార్లు బాగానే పోయాయి. ప్రతి కారుకూ బావ అది ఎక్కడ తప్పు చేసిందో చెప్పాడు. ఏడోది మలుపు తిరగలేదు.

అంతా దుమ్ము. నా చేయి నాకు కనబడలేదు. అప్పుడు నేను చేయాల్సినవి రెండు. ఎర్రజెండా ఎత్తాలి, ఎందుకంటే ఇంకో కారు బయలుదేరి ఉంటుంది. బావ దగ్గరికి పరుగెత్తాలి. నేను ఆ రెండూ చేయలేదు. ముందు చువ్వల దగ్గరికి వెళ్ళాను. ఒకటి వంగి ఉంది. రెండూ పీకి, దిబ్బ వెనక పాత గుంతల్లో దింపి, తాడు బిగించాను. ఆ తర్వాత జెండా ఎత్తాను. ఆ తర్వాత బావ దగ్గరికి వెళ్ళాను. ఆయన కళ్ళు తెరిచి ఉన్నాయి. ఆసుపత్రికి చేరేలోపే పోయాడు.

వెనకనుంచి వచ్చే కారు నా జెండా చూసి ఆగింది. ఆగకపోయి ఉంటే? ఈ ప్రశ్న వేసుకోవడానికే నాకు ఐదేళ్ళు పట్టింది.

సాయంత్రం పోలీసాయన అడిగాడు. "తాడు దాటిండా?"

"దాటిండు" అన్నాను. ఆయన రాసుకున్నాడు.

నేను దేనికి భయపడ్డాను? కేసుకా, ఉద్యోగం పోతుందనా, అక్క ముఖం చూడాల్సి వస్తుందనా? అన్నీ నిజమే కావచ్చు. కానీ ఆ దుమ్ములో నేను ఇవేవీ ఆలోచించలేదు. ఆలోచించి చేసిన తప్పయితే ఏదో ఒక కారణం చెప్పుకునేవాణ్ణి. చేతులు వాటంతటవే వెళ్ళాయంటే, అవి నా చేతులు కావా? వెంటనే వెళ్ళినా దక్కేవాడు కాదని డాక్టరు అన్నాడు. ఆ మాట పట్టుకుని కొన్నేళ్ళు వేలాడాను. డాక్టరుకు చువ్వల సంగతి తెలియదు.

దశదినకర్మ నాడు అక్క నా పక్కన కూర్చుని, "ఎన్నడన్న ఒకల మాట ఇన్నడా? తాడు కట్టినంక గూడ దాటిండు. నువ్వు మాత్రం ఏం జేస్తవ్ తమ్మీ" అంది. నా వీపు మీద చెయ్యి వేసింది. నేను ఆ చెయ్యి తీయలేదు.

అప్పటినుంచి తాడు దాటాడన్న ఆ మాట ఇంట్లో సామెత అయిపోయింది. రోడ్డు చూడకుండా దాటబోయిన ప్రతి పిల్లకూ అదే మాట. అక్క పోయిన చలికాలంలో చనిపోయింది. పోయేదాకా ఆమె తన భర్త మీద కోపంతోనే బతికింది. ఆ కోపం నాది. నా మీద ఉండాల్సింది.

ఇన్నేళ్ళూ బోనాలకు తాడు పట్టడం మాత్రం మానలేదు. కానీ ఎవరికోసమూ జరపలేదు. ఈయన రాయిలాంటోడని బస్తీలో అనేవారు. ఈసారి ఊరేగింపులో నా మేనకోడలు, బావ కూతురు, తన చిన్నపిల్లను తీసుకుని జహనుమా నుంచి వచ్చింది. ఆ పిల్ల వంగి తాడు కిందనుంచి దూరబోయింది. తల్లి వెనక్కి లాగి, "తాత లెక్క తాడు దాటకు" అంది. తాడు నా చేతిలో ఉంది.

మరుసటి ఆదివారం మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను. ఆమె చిక్కుడుకాయలు వలుస్తోంది. ఇక్కడ మీకు చెప్పినట్టే చెప్పాను. మధ్యలో ఆమె చేతులు ఆగాయి.

"ఎన్ని చువ్వలు మామా?"

"రెండు బిడ్డా."

"మల్ల వెనకకు పాతుతుంటే నాయిన చూస్తుండెనా?"

"తెలవదు."

ఆమె కాయలన్నీ చాటలోకి ఎత్తుకుని లోపలికి వెళ్ళింది. తిరిగి రాలేదు. కాసేపు కూర్చుని చెప్పులు వేసుకుని వచ్చేశాను. ఇప్పటివరకూ ఫోన్ చేయలేదు. చేస్తుందని నేను అనుకోవడం లేదు, చేయాలని అడిగే ముఖమూ లేదు. అయినా మీతో నిజం చెబుతున్నాను, ఆ మెట్లు దిగుతున్నప్పుడు నా ఛాతీలో ఏదో కొంచెం సడలింది. దానికి కూడా సిగ్గుపడ్డాను.

మొన్న బస్టాపు దగ్గర దూరంనుంచి వాళ్ళను చూశాను. పిల్ల రోడ్డు మీదికి ఉరికింది. తల్లి చెయ్యి పట్టి లాగి, "ఆగు" అంది. అంతే.

తాత లెక్క తాడు దాటకు అని ఈసారి ఆమె అనలేదు.