సేటు బావి నీళ్లు

తొర్రూరు బజార్లో, పదిమంది ముందు, మా సేటు నన్ను నీళ్లు చూసుకోకుండా జీపు ఇంజను కాల్చినవాడు అన్నాడు. నేను కాల్చలేదు.

ఇన్నేళ్లకు ఈ మాట రాయడానికి కారణం, మొన్న జనగామలో నాకు తెలిసిన మెకానిక్ ఆ జీపునే పాత ఇనుము కింద కొని, రేడియేటర్ కోసి, నాకు ఫోన్ చేయడం. "బాపు, జర వచ్చి సూడు" అన్నాడు.

సేటు దగ్గర డ్రైవరుగా ఆ జీపును ఆరేళ్లు నడిపాను. బడి మొహం చూడని నేను ఆయిలు డబ్బాల మీది అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చినవాణ్ని. గేరు ఆయిలు వేలికి అద్దుకుని వాసన చూసేవాణ్ని. మాడు వాసనొస్తే సేటు గొణిగినా మార్పించేవాణ్ని. నా మాట చెల్లనిది రేడియేటర్ దగ్గరే. సేటు తల్లి ప్రతి పొద్దున బానెట్‌కు పసుపు బొట్టు పెట్టి, తమ బావి నీళ్లు చెంబుతో తానే పోసేది. వేరే నీళ్లు పోయనిచ్చేది కాదు. ఆ నీళ్లు కాస్తే కాగు అడుగున తెల్లటి పెచ్చు కట్టేది.

"అవ్వా, కాగుల కట్టిందే గిండ్ల గూడ కడ్తది. వాననీళ్లు పట్టి పోస్త" అన్నాను.

"మా బాయికి వంక వెడ్తవా? ఇంటిల్లిపాది గవే తాగి బతికినం" అంది. పప్పు ఉడకడానికి మాత్రం పక్కింటి నీళ్లు తెచ్చుకునేవాళ్లు. ఆ సంగతి నేనెత్తలేదు.

ఒక ఎండాకాలం నర్మెట్ట దారిలో వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటింది. ఆపేసరికే ఇంజను పట్టేసింది. చల్లారాక మూత తిప్పితే నీళ్లు నిండుగానే ఉన్నాయి. అయినా సేటు ఏదీ విప్పించి చూడలేదు. జీపును పెరట్లో పడేసి నన్ను పంపేశాడు. జీపు తుప్పు పట్టింది గానీ ఆ మాట పట్టలేదు. జనగామ దాకా పాకింది. మళ్లీ ఎవరూ నా చేతికి స్టీరింగ్ ఇవ్వలేదు.

జనగామ పోయి చూస్తే, కోసిన రేడియేటర్లో సన్నటి గొట్టాలన్నీ సుద్దతో పూడుకుపోయి ఉన్నాయి. ఒక ముక్కను గోనెసంచిలో వేసుకుని తొర్రూరు బస్సెక్కాను. సేటు ఇంకా గల్లా దగ్గరే కూర్చుంటున్నాడు. ముక్కను అటూ ఇటూ తిప్పి, గోరుతో పెచ్చు గీకి, నాలుక మీద పెట్టుకున్నాడు. రుచి గుర్తుపట్టాడని మొహమే చెప్పింది.

"సేటూ, ఇంజను ఎవలు కాల్చిన్రు?" అని అడిగాను.

తిరుగు బస్సులో కండక్టర్ లేపేదాకా హాయిగా నిద్రపోయాను. ఎందుకంటే, సేటుకు ఇప్పుడు చెవుడు. అందుకని బజారంతా వినేట్టే జవాబు చెప్పాడు.

"నీ తప్పేం లేదు తమ్మీ. మా అవ్వ పోసిన నీళ్లే. గది నాకు గప్పుడే తెల్సు. అవ్వను అనలేక నిన్ను అన్న."