కురమోచి వేసే మార్కులు

ఏటా సెప్టెంబరులో వీడియో గేమ్ కంపెనీలు మకుహరి హాల్లో కొత్త ఆటలు ప్రదర్శిస్తుంటే, పత్రికా విలేకరి కురమోచి వేదికకు వీపు పెట్టి నిలబడతాడు. అరవై దాటిన మనిషి, మోకాలికి పట్టీ, మెడలో రెండు కళ్ళజోళ్ళు. వెనక తెర మీద డ్రాగన్లు నిప్పులు కక్కుతున్నా ఆయన చూసేది జనం ముఖాలే. ఎవరు ఆవులించారో, ఎవరు మధ్యలో జారుకున్నారో చూసి, పెన్సిలుతో పదికి ఇన్నని మార్కులు వేస్తాడు. ఏడు దాటించిన పాపాన పోలేదు. అయినా ఆ మార్కులు పత్రికలో పడతాయంటే పెద్ద కంపెనీలకూ గుబులే.

ఈసారి ముగ్గురే పనిచేసే ఓ చిన్న కంపెనీ తరఫున నొనాక అనే అమ్మాయి వేదికెక్కింది. రెండో నిమిషంలోనే ఆట ఆగిపోయి తెర నల్లబడింది. నొనాక జనం వైపు తిరిగింది. "క్షమించండి. ఇక్కడ ముసలావిడ పడవ ఎక్కాలండీ. ఎక్కనంటుంది. ఎందుకో నేనే చెప్తాను," అంటూ మిగతా కథంతా నోటితోనే చెప్పసాగింది.

"సున్నాయే కదా, గురువుగారూ?" అని గుసగుసలాడాడు ఫొటోగ్రాఫర్ ఇగరాషి.

"నోర్మూసుకోవయ్యా, వినబడటం లేదు!"

కథ అయ్యాక కురమోచి కాగితం మీద తొమ్మిది వేసి, తిన్నగా వాళ్ళ స్టాలు దగ్గరికి నడిచి, ఆట ఆడటానికి వచ్చినవాళ్ళ వరసలో నిలబడ్డాడు.

"ఆట బాగవడానికి ఇంకో గంట పడుతుందండీ," అంది నొనాక, ఎర్రబడ్డ కళ్ళతో తల వంచి. "అయినా పత్రికలవాళ్ళు వరసలో నిలబడక్కర్లేదు."

"నేను పత్రిక తరఫున రాలేదమ్మా," అన్నాడు కురమోచి.