నా కారు కళ్ల మీది పొర

నా కారుకి కళ్లు పోయాయని మొదట అన్నది మా బిల్డింగు కార్యదర్శి. అన్న రోజు, అన్న చోటు, అప్పుడు ఆయన చేతిలో ఉన్న చేపల సంచి, అన్నీ నాకు గుర్తున్నాయి. మెట్ల దగ్గర నిలబడి, నా బండి ముందు లైట్ల వైపు గడ్డం ఎగరేసి, "దాదా, మీ బండికి ఛాని పడింది. ఆపరేషన్ చేయించండి" అన్నాడు. బెంగాలీలో ఛాని అంటే కంట్లో శుక్లం. పక్కనున్న ఇద్దరు నవ్వారు. వాళ్లలో ఒకాయన ఆ తర్వాత నా దగ్గరికి నిచ్చెన అడగడానికి వచ్చాడు. ఇచ్చాను. కానీ గుర్తుంది.

ఈ కార్యదర్శి, మేము ఈ ఫ్లాటుకి వచ్చిన మొదటి మీటింగులో నన్ను "మద్రాసీ బాబు" అని పరిచయం చేసిన మనిషి. మా శ్రీకాకుళానికి మద్రాసు కంటే కలకత్తానే దగ్గరని ఆ రోజే లేచి చెప్పాను. మినిట్స్ పుస్తకంలో ఆ మాట రాయలేదు.

నేను కలకత్తా పక్కన లిలువా రైల్వే వర్క్‌షాపులో, పెయింటు షాపులో ముప్పై నాలుగేళ్లు పనిచేశాను. ఎన్ని రైలు పెట్టెలకి రంగు వేశానో లెక్క లేదు. ఒక్కటీ నాది కాదు. నాదని చెప్పుకోదగ్గ బండి ఈ చిన్న కారు ఒక్కటే. దానికి పదిహేనేళ్లు నిండుతున్నాయి. రిజిస్ట్రేషన్ పొడిగించాలంటే బండిని తనిఖీకి తీసుకెళ్లాలి. పాసైతే ఇంకో అయిదేళ్లు నాది. లేకపోతే తుక్కు.

సాల్ట్ లేక్‌లో ఉద్యోగం చేసే మా అమ్మాయి తుక్కు వైపు. "నాన్నా, ఇచ్చేయండి. ఫోన్లో నొక్కితే క్యాబ్ వస్తుంది కదా" అంటుంది. క్యాబ్ ఎవడిదో. నేను రంగు వేసిన పెట్టెల్లాగే.

ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి, ఎందుకంటే నేను ఒప్పుకోకపోతే మా అమ్మాయి చెబుతుంది. లైట్లు పచ్చబడి మసకబారినప్పుడు, తను ఫోన్లో చూపించిన వీడియో నమ్మి, పళ్లపేస్టు రాసి గుడ్డతో రుద్దాను. తళతళలాడాయి. రెండు వారాలు. ఆ తర్వాత ముందుకంటే మసకబారాయి. ఈ కాలపు లైట్ల మీద ఉండేది గాజు కాదు, ప్లాస్టిక్. దాన్ని ఎండ నుంచి కాపాడే పల్చటి పూత ఒకటి ఉంటుంది. పేస్టుతో ఆ మిగిలిన పూత కూడా నేనే గీకేశాను. జీవితమంతా పెయింటు షాపులో ఉన్నవాడు చేయాల్సిన పని కాదు. మొదటి తనిఖీలో ఇన్‌స్పెక్టరు లైట్ల మీద వేలితో గీసి, కాగితం మీద ఎర్ర సిరాతో "లైట్లు పనికిరావు" అని రాశాడు. ఇంకొక్క అవకాశం ఇచ్చాడు. ఇచ్చిన తేదీ విశ్వకర్మ పూజ మరునాడు, పదకొండింటికి.

వీధి చివర మెకానిక్ కొత్త లైట్లు వేయించుకోమన్నాడు. "ఇవి బాగుపడవు, కాకూ." బాగుపడవన్న మాట వినగానే నాకు చేయాల్సిన పని తెలిసిపోయింది.

పూజకి ముందు రోజు మధ్యాహ్నం గ్యారేజీలో కూర్చున్నాను. లైట్ల చుట్టూ బండి రంగుకి దెబ్బ తగలకుండా టేపు అంటించాను. నీళ్లలో తడిపి రుద్దే గరుకు కాగితం, మేం వాటర్ పేపర్ అంటాం. ముందు ముతకది, తర్వాత సన్నది, ఆ తర్వాత ఇంకా సన్నది. పచ్చటి నీళ్లు కారాయి. ఇలా రుద్దిన లైటు, పూత పడేవరకూ, పాలగ్లాసులా తెల్లగా కనిపిస్తుంది. తెలియనివాడికి పాడుచేశామనే అనిపిస్తుంది. దాని మీద క్లియర్, అంటే రంగులేని వార్నిష్, స్ప్రే చేస్తే ఒక్కసారిగా తేటపడుతుంది.

చేసేద్దామంటే వాన మొదలైంది. చెమ్మగాలిలో క్లియర్ కొడితే పూత లోపలే తెల్లగా విరిగిపోతుంది, షాపులో కొత్తగా చేరినవాళ్లు చేసే తప్పు అది. పొద్దున్నే ఆరింటికి, పూజ మొదలయ్యేలోపు కొట్టేద్దామనుకున్నాను.

పొద్దున లేచేసరికి ఆకాశం కడిగినట్టుంది. ఇక్కడ గాలిపటాలు ఎగరేసేది ఈ పూజకే, అప్పటికే నాలుగైదు లేచాయి. డబ్బా కోసం బాల్కనీ, వంటిల్లు, మంచం కింద వెతికాను.

"ఏటి ఎతుకుతన్నారు?" అంది నా భార్య.

"క్లియర్ డబ్బా ఏదే?"

"కింద గ్యారేజీలో దేవుడి కాడ పెట్టేసినాను, అన్నిటితో పాటే. పనిముట్టే కదేటి?"

క్వార్టర్స్‌లో ఉన్నప్పటి నుంచీ మాకున్న పద్ధతి అది. విశ్వకర్మ పూజ ముందు రాత్రి ఇంట్లో ఉన్న సుత్తి, స్క్రూడ్రైవరు, కత్తెర దాకా తీసుకెళ్లి దేవుడి ముందు పెట్టాలి. బొట్టు పడ్డాక, మరునాడు పూజారి వచ్చి విగ్రహాన్ని కదిపేవరకూ వాటిని ముట్టకూడదు. ప్రతి ఏడూ తను పెట్టేది. ఈ ఏడూ పెట్టింది. కిందకి పరిగెత్తాను. ఈసారి పూజారి తెల్లవారకముందే మా బిల్డింగుతోనే మొదలుపెట్టాడట. ఏనుగు మీద కూర్చున్న విశ్వకర్మ పాదాల దగ్గర, నా పానాల పక్కన, డబ్బా మూత మీద ఎర్రటి సిందూరం.

ఇంకో డబ్బా కొనలేనా? ఆ రోజు లిలువాలో హార్డ్‌వేర్ దుకాణాలన్నిటిలోనూ పూజే, అమ్మకం లేదు.

ప్రసాదం పంచేటప్పుడు బిల్డింగంతా గ్యారేజీలో చేరింది. కార్యదర్శి నా బండి ముందు ఆగాడు. పాలలా తెల్లబడ్డ లైట్లని చూసి, అందరికీ వినపడేలా, "దాదా, ఛాని అయితే ఒక మాదిరిగా కనపడేది. మీరు ఆపరేషన్ చేసి పూర్తిగా గుడ్డిదాన్ని చేశారు" అన్నాడు. ఈసారి ఇద్దరు కాదు, అందరూ నవ్వారు. మా అమ్మాయి కూడా. తను తర్వాత దగ్గొచ్చిందంది.

"పూత ఇంకా పడలేదు" అన్నాను.

"అయితే వేయండి. ఎండ బాగుందిగా. డబ్బా తీసుకోండి, దేవుడికి నేను చెప్తాలే."

చెయ్యి చాస్తే డబ్బా అందుతుంది. మరునాడు వాన అని ఫోను చూపిస్తోంది. అయినా ముప్పై నాలుగేళ్లలో ఏటా ఆ ఒక్క రోజు బ్రష్ ముట్టనివాణ్ణి. అర్జెంటు పెట్టె ఉందని ఫోర్‌మన్ బతిమాలినప్పుడు కూడా ముట్టలేదు. ఈయన నవ్వాడని ముడతానా? ఖిచిడీ దొన్నె పట్టుకుని పైకి వెళ్లిపోయాను. రోజంతా ఎండ కాసింది. బాల్కనీలో కూర్చుని ఆ ఎండని చూస్తూనే ఉన్నాను.

"తెలీక పెట్టేసినాను" అంది నా భార్య సాయంత్రం.

"నువ్వు చేసిందాంట్లో తప్పేటీ లేదు" అన్నాను. నేను గుర్తుపెట్టుకోని విషయాల్లో అదొకటి.

మరునాడు సన్నటి వాన. పూజారి ఎనిమిదింటికి వచ్చాడు. విగ్రహం కదలగానే డబ్బా తీసుకున్నాను. గ్యారేజీ గోడలు కూడా చెమ్మగా ఉన్నాయి. షాపులో అయితే వేడి దీపాలు పెట్టేవాళ్లం. ఇక్కడ దీపాలెక్కడివి? అప్పుడు తట్టింది: దీపాలు బండికే ఉన్నాయి. ఇంజను ఆన్ చేసి, లైట్లు వేసి, అరగంట వదిలేశాను. లోపలి బల్బుల వేడికి ప్లాస్టిక్ గోరువెచ్చబడింది. గుడ్డతో తుడిచి, గాలి కొట్టినంత పల్చగా ఒక పూత. పది నిమిషాలు ఆగి రెండోది. మూడోది. లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. పాలతెలుపు నా కళ్ల ముందే కరిగిపోయి లోపలి బల్బు, దాని వెనకాల వెండి గిన్నె స్పష్టంగా కనిపించాయి.

మొదటి అంతస్తు కిటికీలోంచి కార్యదర్శి, "దాదా, పొగ!" అని అరిచాడు. వినపడనట్టున్నాను.

ఎడమ లైటు కింది మూలలో గోరంత మేర పూత విరిగి తెల్లబడింది. అది నాకూ నా భార్యకూ తప్ప ఎవరికీ తెలియదు. ఇప్పుడు మీకు తెలిసింది.

తనిఖీ దగ్గర వాన వల్ల వరస పొడుగ్గా ఉంది. అదే ఇన్‌స్పెక్టరు. కుర్చీలోంచి లేవకుండా, బండి వైపు చూడకుండా, హారన్ కొట్టించి, కాగితం మీద టిక్కులు పెట్టి, "హయ్యే గేఛే, అయిపోయింది, వెళ్లండి" అన్నాడు.

పాసు. నాకు కావలసింది అదే. తీసుకుని వెళ్లిపోవచ్చు.

"సార్, లైట్లు చూడలేదు."

"పాస్ చేశాను కదా."

"పోయినసారి చూసి ఎర్ర సిరాతో రాశారు. ఈసారి కూడా చూసి రాయండి."

వెనక బండ్లు హారన్లు మొదలుపెట్టాయి. "కాకూ, పాసయితే పారిపోండి!" అని ఎవరో అరిచారు. నేను కదల్లేదు. ఇన్‌స్పెక్టరు గొడుగు తీసుకుని లేచాడు. కుడి లైటు మీద వేలితో గీశాడు, ఎడమ దాని మీదా గీశాడు. వేలు ఆ మూల దాకా వెళ్లలేదు.

"కొత్తవి వేయించారా?"

"పాతవే. నేనే చేశాను. లిలువా, పెయింటు షాపు."

"ఓ" అన్నాడు. నాకు ఆ ఒక్క అక్షరం చాలలేదు. కానీ కూర్చున్నాక, టిక్కు పక్కన "లైట్లు బాగున్నాయి" అని రాశాడు, నీలి సిరాతో. ఆ కాగితాన్నీ, ఎర్ర సిరా కాగితాన్నీ ఒకే ప్లాస్టిక్ కవర్లో పెట్టుకున్నాను.

మా బిల్డింగులో బండ్లన్నీ ముక్కు గోడ వైపు పెట్టి నిలపడం ఆనవాయితీ. ఆ రోజు నుంచీ నేను ముక్కు బయటికి పెడుతున్నాను. మెట్లు దిగే ప్రతివాడికీ మొదట కనిపించేవి నా బండి కళ్లే. వారం తిరక్కుండా నోటీసు బోర్డు మీద కార్యదర్శి సంతకంతో కాగితం అంటించారు: బండ్లన్నీ గోడ వైపే ముఖం పెట్టి నిలపవలెను. ఎవరి బండో రాయలేదు.

ఆ నోటీసు చించలేదు. ఒక కాపీ అడిగి తీసుకుని అదే కవర్లో పెట్టాను. బండి మాత్రం ముక్కు బయటికే ఉంది.