తీసేసిన గుల్లలు

కాయ చూడగానే మంచిదో తాలో చెప్పేయగలనని నాకు చిన్నప్పటి నుంచీ పొగరు. పర్చూరు పక్క మిరప కల్లాల్లోకి అమ్మ కూలికి వెళితే, సెలవుల్లో నేనూ పక్కన కూర్చుని తెల్లబడ్డ తాలుకాయలు ఏరేదాన్ని. ఆ పొగరుతోనే గుంటూరులో పీహెచ్‌డీలో చేరాను.

మాది హెపటైటిస్ బి వైరస్ మీద పని. దాని కోర్ ప్రొటీన్ జతలు జతలుగా ఉంటుంది. తగినంత ఉప్పు తగిలితే చాలు, ఆ జతలు వాటంతటవే అతుక్కుని గుండ్రటి గుల్ల కట్టేస్తాయి. నూట ఇరవై జతలైతే పెద్ద గుల్ల, తొంభై అయితే చిన్నది. మామూలు ప్రొటీన్ ఎక్కువగా పెద్దవే కడుతుంది. చివర కొంచెం కత్తిరించిన రకం ఏం కడుతుందన్నదే నా థీసిస్.

రెండు రకాలకూ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ఫొటోలు బయట తీయించుకొచ్చి, కంప్యూటర్లో ఒక్కో గుల్లనూ ఎంచాను. చిన్నగానో వంకరగానో కనిపించినవన్నీ, కొలవకుండానే, సరిగ్గా కట్టుకోనివని తీసేశాను. మిగిలినవి ముచ్చటగా ఒకే సైజులో ఉన్నాయి. కత్తిరించినా తేడా ఏమీ లేదని మా గైడ్‌కు ధీమాగా చెప్పాను. ఆయన పేపర్ రాసేశారు. అందులో మొదటి పేరు నాది.

ఆదివారం చర్చి నుంచి వచ్చి అమ్మ ఫోన్ చేసింది. ఏం చేస్తున్నావంటే, ఇన్నాళ్లూ నీ పనే చేశాను, తాలు ఏరి పారేశానని నవ్వాను. అమ్మ నవ్వలేదు.

"తాలు ఎవరన్నా పారేస్తారేంటే? పక్కన కుప్ప పోస్తేనే గదా, చేలో ఏం జరిగిందో తెలిసేది."

ల్యాబ్ సంగతి నీకేం తెలుసని విసుక్కుని ఫోన్ పెట్టేశాను. అందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. పెట్టేశానే గానీ మనసు ఊరుకోలేదు. మధ్యాహ్నం ల్యాబ్‌కు వెళ్లి, తీసేసినవన్నీ వెనక్కి తెచ్చి కొలిచాను. వంకరవి కొన్నే. తక్కినవన్నీ నిండుగా కట్టుకున్న తొంభై జతల గుల్లలు. మామూలు రకంలో అవి అక్కడక్కడా ఉంటే, కత్తిరించిన రకంలో ఎక్కడ చూసినా అవే. తేడా లేదన్న నా మాట శుద్ధ తప్పు.

సోమవారం గైడ్ ఆ పేపర్‌ను జర్నల్‌కు పంపబోతుండగా వెళ్లి, పాత లెక్క, కొత్త లెక్క రెండూ ముందు పెట్టి, నేను చెప్పింది తప్పండి అన్నాను. ఇక నా మాటకు విలువ ఉండదనే అనుకున్నాను. ఆయన రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి పోల్చుకున్నారు.

"నువ్వు చెప్పకపోతే ఇది ఎవరికీ తెలిసేది కాదమ్మా."

"నాకు తెలుసు కదండీ."