చేనిలో కాయలెన్ని, పాలపుంతలో చుక్కలెన్ని

నిరుడు చలికాలం. ధర్మవరంలో ఒక ప్రైవేటు బడి ఆవరణలో నా డోమ్ నిలబెట్టాను. డోమ్ అంటే ఫ్యాను గాలికి ఉబ్బే నల్లటి గుడారం. లోపల ప్రొజెక్టర్ పెట్టి పిల్లలకు ఆకాశం చూపిస్తాను. పెనుకొండ కొండమీద రాలిన నక్షత్రంతో మా అవ్వ పొయ్యి రాజేసిందని చెబితేగాని నా ఆట మొదలుకాదు. హిందూపురం దాకా అన్ని బడులకూ ఈ కథ తెలుసు.

ఆ రోజు ఆట తర్వాత చుట్టుపక్కల బడుల పిల్లలందరికీ క్విజ్. గెలిచినవాళ్లకు బెంగళూరు తారామండలం చూసే అవకాశం. ఆఖరి ప్రశ్న దగ్గర తాడిమర్రి పిల్ల సునీత, ఆ బడి పిల్లవాడు సమానంగా ఉన్నారు.

"మన పాలపుంతలో నక్షత్రాలెన్ని?" అని అడిగారు ఆ బడి సైన్సు మాస్టారు.

"పది వేల కోట్ల నుంచి నలభై వేల కోట్ల దాకా ఉండొచ్చు సార్. సరిగ్గా ఎవరికీ తెలీదు," అంది సునీత. డోమ్‌లో నేను చెప్పిందే.

"తెలీదంటే తప్పే. నెక్స్ట్!"

"పది వేల కోట్లు!" అన్నాడు పిల్లవాడు, గైడులో ఉన్నట్టే. బహుమతి వాడికిచ్చేశారు.

నాకు ఒళ్లు మండింది. వేదికెక్కాను.

"సార్, మనముండేది పాలపుంత లోపలే. దుమ్ము అడ్డం. ఒక్కో చుక్కా ఎంచలేము. మొత్తం బరువు అంచనా కట్టి, సగటు నక్షత్రం బరువుతో భాగిస్తారు. రెండూ అంచనాలే."

"ఏమప్పా, చుక్కతో పొయ్యి రాజేసిందని కథలు చెప్పేటోనివి, నువ్వా నాకు చెప్పేది?"

పిల్లలు పగలబడి నవ్వారు. నా కోపం ఇంకా పెరిగింది.

"పొద్దున టీ తాగుతా చెప్తిరి కదా, రామగిరి పక్క మీకు శెనక్కాయ చేనుండాదని. దాంట్లో కాయలెన్ని?"

"యాడన్నా ఎంచుతారా అబ్బా? నాలుగు చెట్లు పీకి చూస్తాం. ఒక అందాజు."

"చుక్కలకూ అంతే సార్!"

"నా చేను సిలబస్‌లో లేదు," అని మైకు ఆపేశారు.

కోపంతో ఫ్యాను తీగ లాగేశాను. డోమ్ కూలింది. దాన్ని మడుస్తుంటే సునీత వచ్చింది.

"సార్, పొయ్యి కథ అబద్ధమని నాకు తెల్సు. చుక్కల మాట నిజమేనా?"

"నిజమే తల్లీ."

"అట్లయితే నేను తప్పు చెప్పలేదు," అని బస్సుకు పోయింది.

ఆ కోపం ఇంకా ఆరలేదు. తెలియదనే నిజానికి కాపలా కావాలని ఆ రోజు తెలిసింది. ఇప్పుడు నా డోమ్‌లో చీకటి పడగానే చుక్కలెన్నని అడుగుతాను. "సరిగ్గా ఎవరికీ తెలీదు సార్!" అని పిల్లలు అరుస్తారు. ఏ మాస్టారూ లోపలికొచ్చి తప్పని కొట్టిపారేయకుండా, గుడారం తలుపు నేనే గట్టిగా పట్టుకుంటాను.